ఉత్త మోటరు ముఖం

కల్వకుర్తి నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద, ఊరు దాటే చోట, నాకొక మడిగె ఉండేది. కిరాయికి తీసుకున్న దుకాణం గది. తెలంగాణ వచ్చిన కొత్తలో అందులో ఇనుప ముక్కలను తిప్పుతూ చెక్కే పాత లేత్ మిషిను ఒకటి పెట్టాను. ట్రాక్టరు పిన్నులు, బుష్షులు, బోరు పైపులకు మరలు, పల్లీకాయ కొట్టే మిషన్ల షాఫ్టులు, ఇవీ మాకు వచ్చే పనులు. మాకు అంటే నాకూ, నా భార్య తమ్ముడికీ. మిషిను మీద చెయ్యి అతనిది, లెక్క నాది. ఏ మరకు ఏ పళ్లచక్రం పెట్టాలో, ఎంత ఇనుము తీయాలో నేను చెప్పేవాణ్ని, అతను తీసేవాడు. నేను లేకపోయినా ఆ షాపు నడిచేది. అతను లేకపోతే ఆ లేత్ నాకు కదలని బరువు, అంతే.

నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు మటుకు నాకు నేనే నేర్చుకున్నాను, పత్తి మిల్లులో కాంటా దగ్గర కూర్చున్న ఏళ్లలో. బస్తాలో చల్లిన నీళ్లు, బండి కింద దాచిన రాయి, కాంటా పలక అంచు మీద ఎవరో ఊరికే మోపినట్టు మోపిన కాలు, ఇవన్నీ చూసినవాడు ఏ అంకెనూ మొదటిసారికే ఒప్పుకోడు. మళ్లీ తూచమంటాడు. ఆ అలవాటు నాతో ఇంటికి కూడా వచ్చింది. "మా ఆయన దేవునికి గూడ రెండుమాట్ల తూకమేసినంకనే దండం పెడ్తడు" అని నా భార్య చుట్టాల ముందు నవ్వేది.

మడిగెతో చిక్కు కరెంటు దగ్గర వచ్చింది. అక్కడికి వచ్చేది రెండు తీగల లైను, సింగిల్ ఫేజు. లేత్ మోటరుకు కావలసింది మూడు తీగల త్రీ ఫేజు. లైను తేవాలంటే స్తంభాలు పడాలి, అర్జీ మీద మడిగె ఓనరు సంతకం పడాలి. ఆయన్ను అడిగినప్పుడల్లా "సూద్దాం తియ్యి, ఏడికి పోతది కరెంటు" అనేవాడు. ఆయన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలని జాగా వెతుకుతున్నాడని నాకు టీ కొట్టు దగ్గర తెలిసింది. ఆ సంతకం ఎందుకు రావడం లేదో అప్పుడు నాకు అర్థమైనట్టే అనిపించింది.

అడిగిన ప్రతివాడూ ఒకే మాట చెప్పాడు: కండెన్సర్ పెట్టు. మా వైపు రైతులు ఫేజు పోయిన రోజుల్లో బోరు మోటర్లను అట్లాగే నడుపుకున్నారు కనుక, కండెన్సర్ అంటే వాళ్లకు జ్వరానికి గోళీ లాంటిది. పెట్టి చూశాను. సన్నగా గీకినంతసేపు మిషిను బాగానే తిరిగింది. కొంచెం లోతు కోత పెట్టగానే మూలిగింది. క్లాంప్ మీటరు వేసి చూస్తే మూడు తీగల్లో మూడు రకాల కరెంటు. ఒకదాంట్లో ఉండాల్సిన దానికంటే సగం ఎక్కువ. వేడికి మోటరు ఒంటి మీద చెయ్యి ఆనలేదు.

అప్పుడు బోరు మోటర్లకు వైండింగు చేసే మిస్త్రీ ఇంకో దారి చెప్పాడు. లేత్ మోటరు కంటే పెద్దదైన త్రీ ఫేజు మోటరు ఒకటి తెచ్చి, దానికి ఏ బెల్టూ తగిలించకుండా సింగిల్ ఫేజు మీద ఊరికే తిప్పాలి. అది తిరుగుతున్నప్పుడు దాని మూడో తీగలో మనకు లేని ఫేజు పుడుతుంది. వచ్చే రెండు తీగలకు ఆ మూడోదాన్ని కలిపి లేత్‌కు ఇవ్వాలి. ఒకటే ఇబ్బంది, సింగిల్ ఫేజు మీద ఆ మోటరు తనంతట తాను లేవదు. పుల్లీకి తాడు చుట్టి, ఆయిలింజను లేపినట్టు గుంజి, అది తిరుగుతుండగా స్విచ్చు వెయ్యాలి.

"పని చెయ్యని మోటరుకు కరెంటు తాపిచ్చుడు ఏంది మిస్త్రీ? నువ్వు నాకు ఇంకో మోటరు అంటగట్టే ఉపాయం గాదు గదా?" అన్నాను.

"నీ అనుమానం సల్లగుండ. ఆగకుంట తిరిగితె తీసుకో, లేకుంటె నా మోటరు నాకియ్యి" అన్నాడు మిస్త్రీ.

ఎండిన బాయి మీద నుంచి ఇప్పిన మూడు హార్సుపవర్ మోటరు అది. దానికీ, లేత్ మోటరుకూ రెండువందల ముప్పై ఓల్టులకు సరిపోయేట్టు చుట్టలు మార్చి ఇచ్చాడు. తిప్పి మీటరు పెట్టాను. మూడో తీగలో ఓల్టేజీ మిగతావాటి కంటే కొద్దిగా తక్కువ, అంతే. లోతు కోతకు కూడా లేత్ మూలగలేదు. నాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అది కూడా నాకు కొంచెం అనుమానంగానే ఉండింది.

ఆ మోటరుకు మా షాపులో ఉత్త మోటరు అని పేరు పడింది. గొర్రెల మందను రోడ్డు దాటిస్తూ ఒక పెద్దమనిషి లోపలికి తొంగి చూసి, "గీ మోటరు నీళ్లు తోడదు, పిండి పట్టది, మరి దేనికి తిరుగుతాంది?" అని అడిగాడు.

"పక్కదానికి తోడు తిరుగుతాంది కాకా" అన్నాడు మా బామ్మర్ది.

"మా పెద్దల్లుని లెక్క" అని గొర్రెల వెనకాల వెళ్లిపోయాడు.

ఆ మోటరు ఎక్కడ ఉండేదో చెప్పాలి. మడిగె ముఖం ఉత్తరానికి, రోడ్డు వైపు. మోటరు ముందు భాగంలోనే, ఒక చెక్క పలక మీద ఉండేది. బోల్టులు వెయ్యలేదు, ఎలాగూ దానికి బెల్టు లేదు. పుల్లీ పడమటి వైపు. తాడు గుంజేవాడు షట్టరు వైపు నిలబడి, తాడును పుల్లీ పైనుంచి వచ్చేట్టు చుట్టి, రోడ్డు దిక్కు గుంజేవాడు. గుంజిన చెయ్యి దూరం పోవాలంటే జాగా ఆ వైపే ఉంది. తూర్పు పక్కన గిరాకీలు నడిచి వచ్చే సందు.

ఒక అమావాస్య నాడు నేను పనిముట్ల కోసం మహబూబ్‌నగర్ పోయాను. మరుసటి రోజు షాపు తీసేసరికి లేత్‌కు, ఉత్త మోటరుకు బొట్లు, పసుపు, నిమ్మకాయలు. పూజ నా భార్య చేసి వెళ్లింది. కడగడానికి మోటరును జరిపినట్టున్నారు, పుల్లీ సందు వైపుకు వచ్చింది. చూశాను, పట్టించుకోలేదు. బామ్మర్ది ఎప్పటిలాగే రోడ్డు దిక్కు నిలబడి తాడు గుంజాడు. ఉత్త మోటరు ఎప్పటిలాగే హుమ్మని లేచింది. అతను లేత్ దగ్గరికి పోయి మీట వేశాడు.

మిషిను ఉల్టా తిరిగింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా పాత లేత్‌లో, పని ముక్కను పట్టుకునే చక్కు మరతో బిగించి ఉంటుంది. సరైన వైపు తిరిగితే ఆ మర ఇంకా బిగుస్తుంది. ఉల్టా తిరిగితే ఊడుతుంది. కాంటా రాయంత బరువున్న ఆ ఇనుప ముద్ద ఒక్క క్షణంలో మర జారి కింద మిషిను పీఠం మీద పడి, ఎగిరి, బామ్మర్ది ముంజేతిని గీరుకుంటూ గోడకు తగిలింది. ఇంకో జానెడు ఇటు వచ్చి ఉంటే మణికట్టు ఉండేది కాదు.

అతను చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "బావా, ఎవడో తీగలు మార్చిండు" అన్నాడు.

నాకూ మరో ఆలోచన రాలేదు. మా ప్రాంతంలో ఎవరికీ రాదు. ఇక్కడ ప్రతి రైతుకూ తెలిసిన కరెంటు శాస్త్రం ఒకటే: బోరు మోటరు ఉల్టా తిరిగితే రెండు తీగలు అటువి ఇటు మార్చాలి. కాబట్టి ఉల్టా తిరిగిందీ అంటే ఎవరో రెండు తీగలు మార్చారన్నమాట. లేత్ దగ్గర రెండు తీగలు మార్చాను. సరిగా తిరిగింది. ఆ మార్చడంతోనే అది మనిషి చేసిన పని అని నాకు రూఢి అయిపోయింది.

వెనక తలుపు తాళం చెవి ఇంకొకటి ఓనరు దగ్గర ఉండేది. ఆయన దగ్గరికి పోయి, మడిగె సంగతి మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ, "నిన్న ఇటు దిక్కు వచ్చినవా కాకా?" అన్నాను.

"నా మడిగెకు నేను రానీకి నిన్ను అడగాల్నా?"

"అడగాలని కాదు. వచ్చినవా అని."

"రాలే. వస్తె చాయ్ తాపిస్తవా ఏంది?"

వచ్చినవాడు ఇలాగే అంటాడు, రానివాడూ ఇలాగే అంటాడు. ఆ మాటను ఎన్నిసార్లు తూచినా ముల్లు మధ్యలోనే ఆగింది. వెనక తలుపుకు తాళం మార్చాను.

కొన్నాళ్లు పని సాఫీగా సాగింది. ఒకరోజు ఒక గిరాకీ సందులోంచి వస్తుంటే కండువా కొస పుల్లీ దగ్గరికి ఊగింది. చుట్టుకుంటే మెడను లాగేస్తుంది. సాయంత్రం షాపు కట్టే ముందు నేనే పలకను పట్టుకుని మోటరును తిప్పి, పుల్లీని మళ్లీ పడమటికి పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత పని కూడా కాదు.

మరుసటి ఉదయం లేత్ మళ్లీ ఉల్టా తిరిగింది.

ఈసారి బామ్మర్ది చెయ్యి మీట మీదే ఉంది. చక్కు వదులైంది కానీ ఊడే లోపలే ఆపాడు. అయినా వేళ్ల కణుపుల మీద తోలు లేచింది. నీళ్ల కింద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు: "రెండుమాట్లు అయింది బావా. మూడోసారి చెయ్యి పోతది. చెయ్యి పోయినంక నేను దేనికి పనికొస్త?"

తాళం కొత్తది. ఓనరు ఆ వారమంతా చుట్టాల పెళ్లికి పోయి ఊళ్లోనే లేడు. లోపలికి రాగలిగినవాళ్లం ఇద్దరం. ఒకణ్ని నేను. తీసివేత చేస్తే మిగిలింది ఒకడే.

ఆ లెక్క తేలిన తర్వాత అతని ప్రతి పనికీ ఇంకో అర్థం కనబడింది. హైదరాబాద్ అవతల ఏదో ఫ్యాక్టరీలో పనిచేసే అతని దోస్తు ఫోను చేస్తుండేవాడు. ఫోను రాగానే ఇతను రోడ్డు మీదికి పోయి మాట్లాడేవాడు. షాపులో మిషను చప్పుడు కనుక బయటికి పోతున్నాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు మిషను ఆగి ఉన్నప్పుడు కూడా పోతున్నాడని గమనించాను. తన చేత్తో షాపు వదిలిపెడితే అక్క బాధపడుతుంది. మిషనే నడవకపోతే ఎవరి మాటా పడనక్కరలేదు. కానీ తన చెయ్యినే పణంగా పెడతాడా? ఆ ప్రశ్న దగ్గర లెక్క ఆగేది. ఎంత దెబ్బ తగలాలో తెలిసినవాడు అంతే తగిలించుకుంటాడు అని దానికి కూడా ఒక జవాబు తయారు చేసుకున్నాను.

తీగలు మళ్లీ మార్చాను. ఆ రోజు అతను అన్నానికి పోయినప్పుడు ఇంట్లోని ఎర్ర గోళ్లరంగు సీసా తెచ్చి, లేత్ దగ్గర, బోర్డు దగ్గర, ఉత్త మోటరు తీగలు కలిపే డబ్బాలో, తీగ బిగించిన ప్రతి స్క్రూ తల మీద ఒక్కొక్క చుక్క పెట్టాను. స్క్రూ కదిలితే చుక్క పగులుతుంది. పగిలితే దొరుకుతాడు.

ఇంట్లో నా భార్య భయం వేరే దారి పట్టింది. షాపు మీద దిష్టి పడిందని ఆమె నమ్మకం. "మొన్న అమాసకు పూజ తక్కువైంది. ఈసారి గుమ్మడికాయ కొడ్త" అంది. నేను సరే అన్నాను. నా మనసు గుమ్మడికాయ మీద లేదు.

అమావాస్య నాడు పనికి సెలవు. పొద్దున్నే తమ్ముడు షాపు కడుగుతాడని, తరువాత తాను పూజకు పోతానని ఆమె చెప్పింది. అతను ఒక్కడే షాపులో ఉంటాడు. నాకు ఇంతకంటే మంచి అవకాశం రాదనుకున్నాను. మిల్లు వైపు పని ఉందని చెప్పి, తిరిగి రోడ్డు అవతలి గల్లీలోంచి వచ్చాను. షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి చూశాను.

బామ్మర్ది ఉత్త మోటరు ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి.

షట్టరును చప్పుడయ్యేట్టు పైకి నెట్టాను. "ఏం చేస్తున్నవ్?"

అతను ఉలిక్కిపడి లేచాడు. లేచేసరికి అతని వెనక, లేత్ చాటున, పళ్లెం పట్టుకుని నా భార్య కనబడింది.

"మెల్లగ! గుమ్మడికాయ పడ్తది" అంది నా మీద కోపంగా. "నేనే తిప్పమన్న. మోటరు ముఖం పడమరకు పెట్టిండ్రు మళ్ల. పొయిన అమాసకు తూర్పు దిక్కు తిప్పిచ్చి మరీ పూజ చేసిన, ఎవరు తిప్పిండ్రో ఏమో. ముఖం పడమరకు పెట్టుకున్న మిషినికి బొట్టు ఎట్ల పెడ్తరు?"

పుల్లీ ఉన్న కొస దాని ముఖమని ఆమె లెక్క. బామ్మర్ది పలకను సగం చుట్టు జరిపి పుల్లీని తూర్పుకు తెచ్చాడు. ఆమె పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది.

నేను నిలబడి చూస్తూ ఉన్నాను. పోయిన అమావాస్యకు తూర్పుకు తిప్పారు, తెల్లారి ఉల్టా. తర్వాత నేను పడమటికి తిప్పాను, తెల్లారి ఉల్టా. తీగల లెక్కలో ఎక్కడా లేని మోటరు ముఖం రెండుసార్లూ ముందురోజే మారింది.

పూజ కాగానే చక్కు ఇప్పి కింద పెట్టమన్నాను. అమావాస్య నాడు మిషిను తిప్పొద్దని నా భార్య అంటుండగానే నేనే తాడు చుట్టి, రోడ్డు దిక్కు నిలబడి గుంజాను. లేత్ మీట వేశాను. చక్కు బిగించే ఇరుసు, ఆ ఖాళీ కదురు, ఉల్టా తిరిగింది. ఆపి, ఉత్త మోటరును పడమటికి తిప్పి, మళ్లీ అక్కడే నిలబడి గుంజాను. కదురు సరిగా తిరిగింది.

మనిషి ఎప్పుడూ ఒకే దిక్కున నిలబడి గుంజుతాడు. మోటరు తలకిందులుగా కాదు గానీ ఆ చివర ఈ చివర అయితే, అదే గుంజుడు దాన్ని ఎదురు దిక్కుకు తిప్పుతుంది. దానికి ఎటు తిరిగినా ఒకటే, సింగిల్ ఫేజు మీద అది ఎటు నెడితే అటు పోతుంది. కానీ అది తిరిగే దిక్కును బట్టే మూడో ఫేజు ముందు పుట్టాలో వెనక పుట్టాలో తేలుతుంది. లేత్‌కు అది తీగలు మార్చినంత పని. బెల్టు లేని మోటరు ఎటు తిరిగితే ఏముంది అని మేమందరం అనుకున్నాం. నేను కూడా.

"అయితె నా పూజనే తప్పంటవా?" అంది నా భార్య.

"పూజ తప్పు కాదు. తిప్పుడు."

బామ్మర్ది మోటరు దగ్గరికి వచ్చాడు. తీగలు మార్చకుండానే ఉల్టా ఎట్లా తిరిగిందో తానే చూడాలనుకున్నాడో ఏమో, ఉత్త మోటరు డబ్బా మూత ఇప్పాడు. చాలాసేపు లోపలికి చూశాడు. తర్వాత లేత్ దగ్గరి డబ్బా ఇప్పాడు.

"ఈ ఎర్ర చుక్కలేంది బావా?"

నా భార్య దగ్గరికి వచ్చి చూసింది. "నా గోళ్లరంగు గదా ఇది? ఇంట్ల సీసా ఖాళీ అయిందెట్లా అనుకుంటున్న."

"స్క్రూలు ఎవరన్నా ఇప్పితె తెలుస్తదని పెట్టిన" అన్నాను.

"ఎవరన్నా అంటే?" అన్నాడు బామ్మర్ది.

"ఎవరైనా. ఓనరో, ఇంకెవరో."

"ఓనరు ఊర్ల లేకుండె. తాళం నువ్వే మార్చినవ్." కణుపుల మీద మానుతున్న తోలును బొటనవేలితో రుద్దుకుంటూ అన్నాడు. "ఈడ ఉన్నది నువ్వు, నేను. నీ మీద నువ్వు పెట్టుకోవు గదా."

చుక్క ఒక్కటి కూడా పగల్లేదు. అది అతని వైపు సాక్ష్యమే. కానీ సాక్ష్యం అవసరమైందన్న సంగతే అతనికి తగిలింది. నా భార్య పళ్లెం లేత్ మీద పెట్టి, గుమ్మడికాయ కొట్టకుండానే ఇంటికి పోయింది.

ఆ తర్వాత అతను మామూలుగానే వచ్చాడు, మామూలుగానే పని చేశాడు. ఫోను వస్తే షాపులోనే మాట్లాడేవాడు, నాకు వినబడేట్టు. ఆ మాటల్లోనే ఫ్యాక్టరీకి పోతున్నాడని నాకు తెలిసింది. పోవద్దని చెప్పమని నా భార్య నన్ను పోరింది. నేను ఎవరినీ ఏదీ అడగడం అలవాటు లేనివాణ్ని. అయినా ఒప్పుకున్న షాఫ్టుల పని అయిపోయిన రోజు అడిగాను.

"ఆడ మాత్రం ఏముంది? దినాం గేటు కాడ జేబులు తడిమి సూస్తరట" అన్నాను.

"సూస్తరు బావా. సూడని. ఆడ తడిమేటోడు నాకు ఏం గాడు." నూనెగుడ్డతో చేతులు తుడుచుకుని దాన్ని మీట మీద ఆరేశాడు. "ఈడ సూసేటోడు మా అక్క మొగుడు."

అతను పోయాక చిన్న పనులు నేనే చేయడం మొదలుపెట్టాను. లెక్క సరిగానే వచ్చేది, చెయ్యి వచ్చేది కాదు. మరలు పట్టుకోవట్లేదని తీసుకుపోయినవాళ్లు తిరిగి తెచ్చేవారు. కష్టమైన పనులు ఊళ్లోని వేరే షాపుకు పోయాయి. ఓనరు కొడుకు మహబూబ్‌నగర్‌లోనే దుకాణం పెట్టుకున్నాడు. ఆ వెంటనే ఓనరు, ఎన్నాళ్లో అడిగిన సంతకం అడగకుండానే పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ కచ్చితంగా తెలియదు.

స్తంభాలు పడ్డాయి, త్రీ ఫేజు వచ్చింది. లైన్‌మన్ మీటరుకు తీగలు కలిపి, సంతకం తీసుకుని పోయాడు. నేను ఒక్కణ్నే మిగిలాను. లేత్ మోటరు చుట్టలు మిస్త్రీ అంతకు ముందే పాత పద్ధతికి మార్చి పెట్టాడు. చక్కు తీసి పక్కన పెట్టి మీట వేశాను. కదురు ఉల్టా తిరిగింది.

కొత్త లైనులో ఏ తీగ ఎటు కలిసినా సగం అవకాశం ఇటు, సగం అటు. మెయిన్ ఆపి రెండు తీగలు మార్చాను. సరిగా తిరిగింది. చేతులు తుడుచుకుని బామ్మర్దికి ఫోను చేశాను. ఫ్యాక్టరీ చప్పుడులో అతని గొంతు సన్నగా వినబడింది.

"త్రీ ఫేజ్ వచ్చింది" అన్నాను.

"ఎటు తిరిగింది బావా?"

"ఉల్టా."

నవ్వాడు. ఆ నవ్వు చాలా రోజులకు విన్నాను. "గీసారి ఎవల మీద పెట్టినవ్?"

"ఎవరూ లేరు" అన్నాను. "నువ్వు వస్తవా?"

"రాను బావా. ఈడ మంచిగనే ఉన్నది" అన్నాడు. తర్వాత, పెట్టేసే ముందు, "చక్కు ఎక్కిచ్చేటప్పుడు మరకు నూనె రాసి శుభ్రంగ బిగియ్యి. వదులుగ పెట్టకు" అన్నాడు.

ఫోను జేబులో పెట్టుకున్నాను. మరకు నూనె రాసి, చక్కు ఎక్కించి, బిగించాను.